కమానుకు కొత్త వెంట్రుకలు వేయించాను, రెండుసార్లు

దాదాపు రెండేళ్లు నా వయొలిన్ గొంతు బొంగురుపోయి ఉండేది. సన్న తీగ మీద కమాను, అంటే గుర్రపు తోక వెంట్రుకలు కట్టిన కర్ర, పెడితే మొదటి క్షణం జారిపోయి, ఆ తర్వాతే స్వరం పట్టుకునేది. మెల్లగా లాగితే ఈల. గట్టిగా నొక్కితే తలుపు కిర్రుమన్న శబ్దం.

మొదట తీగలు మార్చాను. తగ్గలేదు. తీగల్ని మోసే చెక్క, అదే బ్రిడ్జి, పక్కకి జరిగిందేమోనని చూపిస్తే, జరగలేదన్నారు. కమాను వెంట్రుకలకి రుద్దే బంక గడ్డ, రోజిన్, మార్చాను. లేత రంగు బిళ్ల పోయి ముదురు రంగు బిళ్ల వచ్చింది, వయొలిన్ పొట్ట మీద తెల్లటి పిండి పేరుకోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఇక చేసేది లేక తప్పు నా చేతిదే అనుకున్నాను. యాభై దాటాయి, మణికట్టు మునుపటిలా ఎందుకుంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక ఆదివారం, నా దగ్గర నేర్చుకునే పిల్లాడికి ఏదో చూపించబోతూ వాడి కమానే చేతిలోకి తీసుకున్నాను. వాడిది వయొలిన్ కొంటే పెట్టెలో ఊరికే వచ్చే కమాను. నాది దానికి పదింతలు మంచిది, అందులో అనుమానం లేదు. కానీ వాడి కమానుతో గీయగానే నా వయొలిన్ ఖంగుమని పలికింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "టీచర్, ఇవాళ మీ వయొలిన్ బాగా పలుకుతోందండీ" అన్నాడు వాడు, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా.

వాడి కమాను కొని మూడు నెలలైంది. నా కమానుకి వెంట్రుకలు మార్పించి అయిదేళ్లు దాటింది. రోజూ వాయించేవాళ్లు ఆరు నెలలకో, మహా అయితే ఏడాదికో మార్పించుకోవాలని నాకు తెలియదా అంటే తెలుసు. పిల్లలకి చెబుతాను కూడా. దీపం కింద చీకటి.

ఆ రాత్రి నా కమాను వెంట్రుకల్ని భూతద్దం కింద పెట్టి చూశాను. వేళ్లు తగిలే చోట జిడ్డు పట్టి బూడిద రంగులోకి తిరిగాయి. మిగతా అంతా పాత కాగితంలా పసుపు. ఒక పక్క అంచున సగం వెంట్రుకలు తెగిపోయి ఉన్నాయి, రెండో పక్క నిండుగా ఉంది. పట్టుబట్టి లెక్కపెట్టాను, 117. వయొలిన్ కమానుకి మామూలుగా 150 నుంచి 200 దాకా ఉంటాయి. వాయించేటప్పుడు కమానుని కొద్దిగా వంచి పట్టుకుంటాం కాబట్టి ఒక అంచుకే ఎక్కువ పని పడుతుంది, ఆ పక్కవే ముందు తెగుతాయి. అది చూపులకి బాగోకపోవడంతో ఆగదు. వెంట్రుకలు ఒక పక్కే మిగిలితే కర్రని ఆ పక్కకే లాగుతాయి, ఏళ్ల తరబడి అలా లాగితే కర్ర మెలిపడుతుంది.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు, తొందరపడటం.

వాద్యాలు అమ్మే ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. పేరు చెప్పను. అద్దాల తలుపులు, గోడ నిండా గిటార్లు. "రీహెయిర్ చేస్తారా?" అంటే "గంటలో ఇచ్చేస్తాం మేడమ్" అన్నారు. అప్పుడే అనుమానం రావాలి. అన్నట్టుగానే గంటలో ఇచ్చారు. తెల్లగా మెరిసిపోతున్నాయి వెంట్రుకలు, పాలలో ముంచి తీసినట్టు. మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాను.

వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయడం నాకు చిన్నప్పటి అలవాటు. తిప్పాను. వదులు కాలేదు. ఇంకా తిప్పాను. మర చివరికి వచ్చేసింది గానీ వెంట్రుకలు మాత్రం బిగుసుకునే ఉన్నాయి. అంటే పొట్టిగా కట్టేశారు. కమాను కర్రకి విశ్రాంతి అనేది లేకుండా చేశారు. పైగా వెంట్రుక గాలిలో తేమ ఉంటే సాగుతుంది, పొడి గాలికి కుంచించుకుపోతుంది. పొట్టిగా కట్టిన వెంట్రుకలు పొడి రోజుల్లో ఇంకా బిగుసుకుంటే ఆ లాగుడికి కమాను కొస, అంటే తల లాంటి ఆ చిన్న భాగం, పుటుక్కున విరగొచ్చు. అలా విరిగిన కమాన్లు నేను రెండు చూశాను.

ఇంకొకటి. వెంట్రుకలన్నీ రిబ్బనులా పక్కపక్కన పడుకోవాలి. ఇందులో కొసకి వచ్చేసరికి ఒక పాయ ఇంకో పాయ మీదెక్కి ఉంది. అక్కడికి కమాను రాగానే స్వరం తడబడేది. పదో రోజు వాయిస్తుండగా ఒక పాయ మొత్తం, ఇరవై పైచిలుకు వెంట్రుకలు, కొస దగ్గర ముడి లోంచి ఊడి మొహం మీద పడింది. తెగలేదు, ఊడింది. ఆ రెండింటికీ తేడా ఉంది. తెగితే వెంట్రుక తప్పు, ఊడితే కట్టినవాడి తప్పు.

దుకాణానికి ఫోన్ చేస్తే "మీరు గట్టిగా వాయిస్తారేమో మేడమ్" అన్నారు. ముప్పై ఏళ్లలో నన్ను ఆ మాట అన్నవాళ్లు లేరు. మళ్లీ వెళ్లలేదు.

మా అన్నయ్య స్నేహితుడొకాయన సెలో వాయిస్తారు. ఆయన చెబితే ఈ రెండో మనిషి దగ్గరికి వెళ్లాను. ఆయనా పేరు వేయొద్దన్నారు, వేస్తే పని ఎక్కువైపోతుందట. బోర్డు లేదు. ఒక గది, కిటికీ పక్కన బల్ల, ఒక స్పిరిటు దీపం, గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన కమాన్లు. డెబ్బై దాటిన పెద్దాయన. మొదటి అయిదు నిమిషాల్లోనే నేను బాబాయ్ అనేశాను, ఆయన అమ్మా అనేశారు.

కమాను చేతిలో పెట్టగానే ఆయన వెంట్రుకల వైపు చూడనే లేదు. ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు కర్ర వెంట చూశారు. "ఒక పిసరు పక్కకి లాగింది. పర్లేదు, సర్దుకుంటుంది" అన్నారు. తర్వాత మర విప్పి, పట్టుకునే చోట ఉండే నల్లటి ఫ్రాగ్‌ని బయటికి తీసి, దాని కింది ముత్యపు చిప్ప పలకని బొటనవేలితో జరిపారు. లోపల చూసి మొహం మాడ్చుకున్నారు.

"ఎవరమ్మా ఇది చేసింది?"

"చెప్పను బాబాయ్."

"చెప్పకు. చెబితే నేను ఊరుకోలేను."

లోపల జిగురు. మామూలు జిగురు కాదు, చెప్పులు అంటించుకునే రకం, చిటికెలో గట్టిపడేది. కమానుకి రెండు కొసల్లోనూ చిన్న గుంటలుంటాయి. వెంట్రుకల ముడిని గుంటలో పెట్టి, దాని మీద ఒక చిన్న చెక్క బిళ్ల బిగిస్తారు. ఆ బిళ్ల పట్టుతోనే వెంట్రుక నిలవాలి. బిళ్ల సరిగ్గా చెక్కడం రానివాళ్లు ఆ లోటుని జిగురుతో పూడుస్తారు. ఆ తర్వాత వచ్చినవాడు దాన్ని తవ్వుకోవాలి. తవ్వేటప్పుడు గుంట అంచు పెచ్చు లేస్తే, పోయేది నూటయాభై వెంట్రుకలు కాదు, కమానే.

నా కమాను కర్ర పెర్నంబుకో. బ్రెజిల్ తీరపు అడవుల్లో పెరిగే చెట్టు, ఎర్రరంగు కోసం కొట్టీ కొట్టీ మిగల్చలేదు. ఆ దేశానికి పేరొచ్చింది కూడా ఆ చెట్టు వల్లే. 2007లో దాన్ని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు ఉండే జాతుల జాబితాలో, సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. అంటే ఇది విరిగితే ఇలాంటిది మళ్లీ కొనడం అంత తేలిక కాదు. ఆయన సన్నటి ఉలితో ఆ జిగురు గీకుతున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నాను. గంటన్నర పట్టింది. ఆ దుకాణం వాళ్లు మొత్తం పని చేసింది గంటలో.

చూడనిస్తారా అని అడిగితే "కూర్చో, మాట్లాడకు" అన్నారు. తర్వాత ఆయనే ఆపకుండా మాట్లాడారు.

అలమర లోంచి పొడవాటి కాగితం పొట్లం తీశారు. లోపల జడపాయలా కట్టిన వెంట్రుకలు, గజానికి కాస్త తక్కువ పొడవు. పాలతెలుపు కాదు, ఉడకబెట్టిన పాల మీగడ రంగు. నేను దుకాణం వాళ్ల తెలుపు గురించి అడిగాను. "అది బ్లీచ్ చేసిందమ్మా. మందులో ముంచితే తెల్లబడుతుంది, సత్తువ పోతుంది. ఊడింది ముడి తప్పే, కానీ ఊడకపోయినా ఆర్నెల్లలో తెగేవి." పుట్టుకతో తెల్లగా ఉన్న తోకల్నే ఏరి, కడిగి, దువ్వి, పొడవుల వారీగా వేరు చేసి అమ్మే సరుకు ఖరీదు అందుకే ఎక్కువ. మగ గుర్రం తోకే మంచిదని కూడా అంటారు, ఆడ గుర్రం తోక మూత్రంతో తడుస్తూ ఉంటుంది కాబట్టి. మంగోలియా, సైబీరియా లాంటి చలి ప్రాంతాల గుర్రాలకి వెంట్రుక దళసరిగా, బలంగా ఉంటుందని వ్యాపారులందరూ చెబుతారు. బాబాయ్‌ని అడిగితే "పొట్లం మీద ఏం రాసుందో నేను చూడను, వెంట్రుక చూస్తాను" అన్నారు.

చూడటం అంటే నిజంగా చూడటమే. ఒక పాయ విడదీసి, ఒక కొస పట్టుకుని కిటికీ వెలుగులో వేలాడదీశారు. మెలి ఉన్నవి, మధ్యలో సన్నబడినవి, ఉంగరాలు తిరిగినవి ఒక్కొక్కటీ చిటికెతో లాగి కింద పడేశారు. పావు వంతు పోయింది. పనికొచ్చే వెంట్రుక ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందంలో, నిటారుగా ఉండాలి. "లెక్కపెడతారా బాబాయ్?" అన్నాను. "లెక్క దేనికి, వేళ్లకి తెలుస్తుంది" అన్నారు. ఆ మాట నేను నమ్మలేదు. ఏరడం అయ్యాక నేనే లెక్కపెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. చేతి నూనె అంటితే ఆ చోట రోజిన్ పట్టదు.

ఇక ముడి. సన్నటి దారంతో వెంట్రుకల కొసని ఏడెనిమిది చుట్లు, ఒక్కో చుట్టూ పళ్లు బిగించి లాగి కట్టారు. మిగిలిన కొసల్ని సమంగా కత్తిరించి, రోజిన్ పొడిలో అద్ది, దీపం మంటకి చూపించారు. చిటపటమంది. గదంతా వెంట్రుక కాలిన కమురు వాసన. కాలిన కొసలు చిన్న తలల్లా ఉబ్బి, కరిగిన రోజిన్‌తో కలిసి గట్టిపడతాయి. ఇక ఎంత లాగినా దారం లోంచి జారవు. నా మొహం మీద ఊడిపడిన పాయకి జరగని పని ఇదే.

కొస గుంటకి బిళ్ల చెక్కడం చూడాలి. మెత్తటి చెక్క, పప్పుబద్దంత ఉంటుంది. చెక్కారు, పెట్టి చూశారు, తీశారు, ఒక పొర తీసేశారు, మళ్లీ పెట్టారు. రెండుసార్లు పారేసి మొదటి నుంచి మొదలుపెట్టారు. మరీ బిగువైతే గుంట పగులుతుంది, వదులైతే వెంట్రుకలు వస్తాయి. మూడోది టక్కున కూర్చుంది. జిగురు చుక్క లేదు. ఆ టక్కుమన్న చప్పుడు వినగానే ఆయన భుజాలు కిందికి దిగాయి, నావి కూడా.

తర్వాత తడిపి దువ్వడం. పేల దువ్వెన. అక్షరాలా అదే, చిన్నప్పుడు మా నానమ్మ నా తల మీద ప్రయోగించిన ఆయుధం. కొస నుంచి కిందికి పదిసార్లు, ఇరవైసార్లు, ఏ పాయా ఇంకో పాయ దాటకుండా. దువ్వుతూనే కిటికీ వైపు చూశారు. బయట ముసురు. "ఇవాళ వెంట్రుక సాగి ఉంది. ఎండ కాస్తే లోపలికి లాక్కుంటుంది. అందుకని ఇప్పుడే పిసరంత పొడుగు వదలాలి." ఎంత వదిలారు అంటే, బహుశా ఒక బియ్యపుగింజ. ఆ బియ్యపుగింజంత దూరం గురించి దుకాణంలో ఎవరూ ఆలోచించలేదు.

రెండో ముడి ఫ్రాగ్ గుంటలోకి వెళ్లింది. దాని మీద బిళ్ల, దాని మీద ముత్యపు పలక, అన్నిటి మీదుగా ఫెర్రూల్ అనే లోహపు ఉంగరం. ఆ ఉంగరం లోపల, వెంట్రుకల కింద, ఇంకో సన్నటి చెక్క పలక దూర్చారు. అప్పటిదాకా కుచ్చులా ఉన్న వెంట్రుకలు ఒక్కసారిగా విప్పారి రిబ్బనులా పరుచుకున్నాయి. నాకు ఒళ్లు ఝల్లుమంది, అబద్ధం ఎందుకు. ఈ ఏర్పాటు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్థిరపడింది. పారిస్‌లో ఫ్రాన్స్వా టూర్ట్ అని ఒక కమాను పనివాడు, 1747 నుంచి 1835 దాకా బతికాడు, మొదట గడియారాల పని నేర్చినవాడని చెబుతారు. ఈనాటి కమాను వంపు, పొడవు, పెర్నంబుకో కర్ర, వెంట్రుకల్ని చదునుగా పరిచే ఈ ఉంగరం, ఇవన్నీ కలిపి ఒక రూపానికి తెచ్చిన ఘనత ఆయనదే అంటారు. గడియారాల చెయ్యి అంటే నమ్మబుద్ధేస్తుంది.

మర్నాడు రమ్మన్నారు, తడి ఆరాలి కదా. మర్నాడు అంటే ఆయన భాషలో పదకొండు రోజులు. ఆ సంగతి తర్వాత చెబుతాను. వెళ్లేసరికి ఒకటి రెండు వెంట్రుకలు వదులుగా వేలాడుతున్నాయని, దీపం మంట మీదుగా కమానుని రెప్పపాటులో ఇటునుంచి అటు లాగారు. వేడికి ఆ వదులు వెంట్రుకలు బిగుసుకుని వరుసలో చేరాయి. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి. నేను ఆ తర్వాత ఒక పాత కమాను మీద ప్రయత్నించాను, దాని సంగతి అడక్కండి.

రోజిన్ ఆయన పెట్టలేదు. "వాయించు" అన్నారు. వాయించాను. ఏమీ లేదు. కమాను తీగ మీద గాజు మీద పట్టుగుడ్డ జారినట్టు జారింది, చెవి దగ్గర పెట్టుకుంటే వినబడేంత ఊసు. ఇదొక్కటి మీరంతా ఎప్పుడైనా కొత్త వెంట్రుకలతో చేసి చూడాలి. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి "గుర్రపు వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి గరుకు ఉంటుంది, అదే తీగని పట్టి లాగుతుంది" అని చెప్పాను. పొలుసులు ఉన్న మాట నిజమే, మన వెంట్రుకకీ ఉంటాయి. కానీ తీగని పట్టేది అవి కాదు, వాటికి అంటిన రోజిన్. పైన్ జాతి చెట్ల బంక నుంచి నూనె తీసేశాక మిగిలే గాజులాంటి గడ్డ అది. కమాను కదులుతుంటే రోజిన్ తీగని పట్టుకుని కొంత దూరం లాగుతుంది, తీగ విడిపించుకుని వెనక్కి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. 'A' అనే తీగని 440 హెర్ట్జ్‌కి శృతి చేస్తే సెకనుకి 440 సార్లు ఈ పట్టూ విడుపూ జరుగుతుంది. వెంట్రుక పని ఆ రోజిన్ పొడిని సమంగా మోయడం, తగినంత సాగుతూ మళ్లీ బిగుసుకోవడం. పాత వెంట్రుకకి ఈ రెండూ చేతకావు. సాగి సాగి స్థితిస్థాపకత పోతుంది, జిడ్డు పట్టి పొడి నిలవదు. నేను రెండేళ్లు రోజిన్ మీద రోజిన్ రుద్దింది ఆ జిడ్డు మీద. మట్టి మీద సున్నం వేసుకుంటూ పోయానన్నమాట.

కొత్త వెంట్రుకకి మొదటిసారి రోజిన్ పట్టించడానికి పావుగంట పట్టింది. రోజిన్ బిళ్లని గరుకు కాగితంతో కాస్త గీకి, కొంచెం కొంచెం దూరం రుద్దుతూ, వేళ్ల దగ్గర కాసేపు, కొస దగ్గర కాసేపు. ఆ తర్వాత వాయిస్తే నా వయొలిన్ నాకు తిరిగొచ్చింది. ఇంతకంటే దాని గురించి రాస్తే మా అన్నయ్య చదివి నవ్వుతాడు.

ఇప్పుడు ఏడాది వాడాక రాస్తున్నాను, అందుకే ఇంత ఆలస్యం. రోజుకి రెండు గంటలు, పాఠాలు కాక. తెగినవి 14, అన్నీ ఒక అంచువే, అన్నీ మధ్యలో తెగాయి. ఊడినవి సున్నా. తెగినదాన్ని చేత్తో లాగకుండా మొదలు దగ్గర కత్తెరతో కత్తిరించమన్నారు, లాగితే ముడి వదులవుతుందట. మర తిప్పితే వానల్లోనూ ఎండల్లోనూ వెంట్రుకలు పూర్తిగా వదులవుతున్నాయి, ఆ బియ్యపుగింజ పుణ్యం. కర్ర నిజంగానే నిటారుకి వచ్చింది. వేళ్ల దగ్గర ఈమధ్య కాస్త నలుపు తేలింది, అది నా బొటనవేలి పాపం. స్పిరిటుతో తుడుచుకుంటే పోతుందని ఎవరో చెబితే ఆయన్ని అడిగాను. "తుడిచేటప్పుడు ఒక చుక్క కర్ర మీద పడితే దాని పాలిష్ కరిగిపోతుంది, ఆ మరక నేను తీయలేను" అన్నారు. తుడవలేదు.

నా రెండో కమాను సంగతి ఇక్కడే చెప్పాలి. ఎనిమిది నెలలు పెట్టెలో మూసి ఉంచి తెరిస్తే వెంట్రుకలు కత్తెరతో అక్కడక్కడా కత్తిరించినట్టు వేలాడుతున్నాయి. పిల్లల పని అనుకుని ఇంట్లో గొడవ పెట్టాను. కాదు, పురుగు. ఉన్ని, తోలు, ఈకలు తినే చిన్న జాతి పెంకుపురుగుల పిల్లలు వెంట్రుకలూ తింటాయి. చీకటి, కదలిక లేని చోటు వాటికి కావాలి. పెట్టె లోపలి గుడ్డని దులిపి, మూలమూలలా వాక్యూమ్ పట్టి, రెండు రోజులు తెరిచి ఎండలో పెట్టాను, వయొలిన్ బయటికి తీసి. ఆ కమానుకీ బాబాయే కొత్త వెంట్రుకలు వేశారు. వాడని కమానుని కూడా వారానికోసారి తెరవమని మందలించారు.

కృత్రిమ వెంట్రుక సంగతి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నా. నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి, జంతువు నుంచి వచ్చింది ఏదీ వాడనంది. అడిగితే దాచకుండా చెప్పాను, తోక వెంట్రుకల్లో ఎక్కువ భాగం మాంసం కోసం కోసిన గుర్రాల నుంచే వస్తుంది, బతికున్న గుర్రం తోక కత్తిరించి ప్రేమగా నిమిరి పంపిస్తారనేది మనం చెప్పుకునే కథ. ఆ పిల్ల కోసం కృత్రిమ వెంట్రుకల కమాను తెప్పించి నెల రోజులు నేనే వాయించి చూశాను. తేమకి సాగదు, పురుగు ముట్టదు, తెగడం తక్కువ. కానీ రోజిన్ త్వరగా రాలిపోతుంది. మెల్లగా, పొడుగ్గా లాగే చోట స్వరానికి గాజు మెరుపు వస్తుంది, ఒళ్లు రాదు. ఆ అమ్మాయికి మాత్రం నచ్చింది, వాయిస్తోంది, బాగానే వాయిస్తోంది. కార్బన్ ఫైబర్ కర్రల సంగతి వేరు. కర్ర మారినా కింద కట్టేది చాలావరకు ఆ గుర్రపు తోకే.

మంగోలియాలో మోరిన్ ఖూర్ అని రెండు తీగల వాద్యం ఉంది, కొసన గుర్రం తల చెక్కి ఉంటుంది. సంప్రదాయంగా దానికి కమానే కాదు, తీగలు కూడా గుర్రపు వెంట్రుకలవే. గుర్రం మీద బతికే జనం కాబట్టి వాళ్లకి లెక్క తేలిక.

ఇక ఫిర్యాదులు, లేకపోతే నన్ను ఆయన బంధువనుకుంటారు. చెప్పిన రోజుకి పని అవ్వదు. మర్నాడు అన్నది పదకొండు రోజులు, రెండో కమాను మూడు రోజులన్నది మూడు వారాలు. ఈలోపు వాయించడానికి ఇంకో కమాను ఉండాలి, లేనివాళ్లు ఆయన దగ్గరికి వెళ్లకండి. ఫోన్ ఎత్తరు. ఎత్తితే పెట్టరు, టూర్ట్ దగ్గర మొదలుపెట్టి నా పెళ్లి దాకా వచ్చారు ఒకసారి. రసీదు ఇవ్వరు. ముత్యపు పలక మొదటి నెలలో కాస్త వదులై జారింది. తీసుకెళితే డబ్బు తీసుకోకుండా సరిచేశారు గానీ, తప్పు తనదని మాత్రం ఒప్పుకోలేదు. "నువ్వు జరిపి చూశావు" అన్నారు. జరిపి చూశాను, అది వేరే సంగతి.

మార్కులు వేయమంటే దుకాణానికి అయిదుకి ఒకటి, ఆ ఒకటి కూడా గంటలో అన్నమాట నిలబెట్టుకున్నందుకు. ఈయనకి అయిదుకి నాలుగున్నర. మీ దగ్గర్లో ఇలాంటి మనిషి ఎవరైనా ఉంటే వెంట్రుక ఏ దేశందని అడక్కండి, అందరూ మంగోలియా అనే చెబుతారు. కొస గుంటలో జిగురు పెడతారా అని అడగండి. పెడతామంటే కమాను తీసుకుని వచ్చేయండి.

పోయిన వారం ఈ ఏడాది మార్పిడికి వెళుతూ, ఆ పిల్లాడి కమాను కూడా పట్టుకెళ్లాను. వాడిదీ ఏడాది దాటింది కదా, నా వంతుగా మార్పించి ఇద్దామనుకున్నాను. బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, మర వదులు చేసి, బిగించి, వెంట్రుకల్ని కిటికీ వెలుగులో చూసి నా చేతిలో పెట్టేశారు.

"వీడు సరిగా సాధన చెయ్యట్లేదమ్మా. ఇవి ఇంకో ఏడాది వస్తాయి."